గోల్స్ కాదు, మొదటి ట్రాప్ చూడండి

బేగం బజార్‌లో సరుకు తెలిసినవాడు బస్తా పైపొర చూసి బేరం కుదుర్చుకోడు, అడుగు నుంచి గుప్పెడు తీయించి చూస్తాడు. హాకీ కుర్రాణ్ణి సీనియర్ ఆటకు పంపాలా వద్దా అని తేల్చే పెద్దలు మాత్రం పైపొరకే మురిసిపోతారు: ఎన్ని గోల్స్ కొట్టాడు, ఎంత వేగంగా పరిగెత్తాడు! హాకీ స్టిక్కుకు చదునైన వైపు ఒక్కటే. బంతి ఎడమ పక్కకొస్తే స్టిక్కు తిప్పి రివర్స్‌లో ఆపాలి. జూనియర్ ఆటలో ఇది రాకపోయినా కాళ్ల వేగం కప్పేస్తుంది, ఒంటిని తిప్పి బంతిని కుడికి తెచ్చుకునేంత వ్యవధి దొరుకుతుంది. సీనియర్ డిఫెండర్ ఆ వ్యవధి ఇవ్వడు. అందుకే చూడాల్సింది మొదటి ట్రాప్, అంటే వచ్చిన బంతిని స్టిక్కుతో ఆపే తీరు. బంతి అందేలోపే తలెత్తి తరవాతి పాస్ ఎటో చూసుకున్నాడా? ఆఖరి క్వార్టర్‌లో, ఊపిరి అందని వేళ, రివర్స్‌లో వచ్చిన బంతి స్టిక్కుకు అతుక్కుందా, ఎగిరిపోయిందా? అతుక్కుంటే ఇక వయసు అడగక్కర్లేదు. ఇలాంటి పరీక్ష హైదరాబాద్‌కు కొత్తేం కాదు. ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ డ్రిబ్లింగ్ లేకుండా కొన్ని పోటీలు, బలంలేని కాలితోనే ఆడాలని కొన్ని పోటీలు పెట్టారు. ఏం కన్ను అది! ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు ఎత్తుకొచ్చింది.

సీనియర్ ఆటకు పంపడంలో తొందర వద్దంటే, హాకీ ఆటగాడు వివేక్ సాగర్ ప్రసాద్ పదిహేడేళ్లకే 2018 జనవరిలో సీనియర్ జట్టులోకి రాలేదా అంటారు. వచ్చాడు. అదే ఏడాది అక్టోబర్‌లో యూత్ ఒలింపిక్స్‌కు కెప్టెన్‌గా వెళ్లి రజతం తెచ్చాడు, ఆ తరవాతే టోక్యో కాంస్యం. పైమెట్టు ఎక్కించినవాళ్లు కింది మెట్టు ఊడబెరకలేదు. గోల్‌కీపర్లకైతే ఓపిక ఇంకా కావాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి రజని 2009లో భారత జట్టులోకొచ్చింది, 2016 ఒలింపిక్స్‌కు కూడా రిజర్వుగానే ఎంపికైంది. మన ముకేష్ కుమార్ బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ ఒలింపిక్స్ మూడూ ఆడిన కాలంలో జూనియర్‌కూ ఇండియాకూ నడుమ ఇండియన్ ఎయిర్‌లైన్స్ లాంటి సంస్థల జట్లుండేవి. కుర్రాడు ముదిరినవాళ్ల పక్కన నలిగి పదునెక్కేది అక్కడే. ఆ మెట్టును అరగనిచ్చి, 2024-25 హాకీ ఇండియా లీగ్‌లో 24 మంది జట్టుకు నలుగురు జూనియర్లు తప్పనిసరి అన్నారు. తలుపు తీశారు, సంతోషం. కానీ జెర్సీ తొడిగి బెంచీ మీద కూర్చోబెట్టి ప్రొఫెషనల్ అనిపించడం ఆటకు నకలే, ఆట కాదు! జట్టులో ఉన్నాడా అని కాదు, ఎన్ని నిమిషాలు, ఎంత గట్టి మ్యాచ్‌లో ఆడాడని అడగాలి. ఆడటమే కాదు, గట్టి ఆటను దగ్గర్నుంచి చూడటమూ కావాలి. 2005 ప్రీమియర్ హాకీ లీగ్ మొత్తం గచ్చిబౌలిలో జరిగింది, గెలిచింది మన హైదరాబాద్ సుల్తాన్స్. హాకీ ఇండియా లీగ్‌లో ఇప్పటి మన జట్టు హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫైనల్ దాకా వెళ్లి 4-3తో ఓడారు, ఆ సీజన్ పోటీలన్నీ రూర్కెలా, రాంచీల్లోనే. సీనియర్ ఆట వేగం ఎంతో మన పిల్లలు గట్టు మీద నిలబడి కళ్లారా చూడాలంటే, తూఫాన్స్ వారూ, కొన్ని మ్యాచ్‌లైనా గచ్చిబౌలికి తీసుకురండి.