సంతకం దగ్గర ఆగిపోయిన చదువు

వయసొచ్చిన మనిషికి చదువు చెప్పామని ప్రభుత్వం ఎప్పుడు రాసుకుంటుంది? అతను తన పేరు రాయగానే. వేలిముద్ర పోయి సంతకం వస్తే లెక్కలో ఒక అంకె పెరుగుతుంది. ఆ లెక్కని మేము కంచిలిలో నిలబడి చదవాలనుకుంటున్నాం. శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలం నూటికి ఒక్కరం కూడా లేం. ఇక్కడ మా గోడు విడిగా వినబడదు. జీడితోటల కూలీల గోడులో, వేటకు పోయేవాళ్ళ గోడులో, వలసపోయేవాళ్ళ గోడులో కలిసిపోయే ఉంటుంది. అలా కలిసి ఉండటం మాకేం చిన్నతనం కాదు.

2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లా అక్షరాస్యత నూటికి 62. ఆడవాళ్ళలో 52. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. 2009లో సాక్షర భారత్ వచ్చింది, మైనారిటీలను పేరుపెట్టి లక్ష్యంలో చేర్చింది, 2018 మార్చితో ముగిసిపోయింది. ఆ పథకంలో ఊళ్ళో చదువు కేంద్రం నడిపే ప్రేరక్‌కి నెలకు 2000 రూపాయలిచ్చేవారు. 2022-27 కాలానికి వచ్చిన ఉల్లాస్‌లో అదీ లేదు, అంతా స్వచ్ఛంద సేవే. అయిదేళ్ళలో 5 కోట్ల మందికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలన్నది దాని లక్ష్యం. మొత్తం కేటాయింపు 1037.90 కోట్లు. పైసా పక్కకు పోకుండా అంతా వీళ్ళ మీదే ఖర్చుపెట్టినా మనిషికి 208 రూపాయలు దాటదు. వృత్తి నైపుణ్యాలు, నిరంతర విద్య కూడా ఈ డబ్బులోనే జరగాలి. కాగితం మీద ఆ మాటలన్నీ ఉన్నాయి. లేవని మేము అనం.

డబ్బు మాట అటుంచి వాచకాల మాటకొద్దాం. వయోజన వాచకాన్ని సాహిత్యంగా చదివిన విమర్శకుడు మాకింతవరకు తగల్లేదు. కవిత్వం మీద కొట్లాడుకునే మనం, లక్షల మంది చేతుల్లోకి వెళ్ళే ఆ పల్చటి పుస్తకాన్ని గుమాస్తాలకి వదిలేశాం. మేం చూసిన వాచకాల్లో జీడిపిక్క ఒలిచే చెయ్యి లేదు, కొబ్బరి పీచు లేదు, వలసబండి లేదు. శ్రీకాకుళం మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. మా పేర్లు లేకపోలేదు. మతసామరస్యం పాఠంలో రహీమో కరీమో పండగపూట పక్కింటివాళ్ళతో నవ్వుతూ కనిపిస్తాడు. కూలి లెక్క పాఠంలో, రోగం పాఠంలో, అప్పు పాఠంలో కనిపించడు. సెక్యులర్ మిత్రులు నొచ్చుకోవద్దు. మేం పాలు కావు, చక్కెర కాము, ఎప్పుడూ కలుస్తూనే ఉండటానికి.

మంచి పాఠం ఏం చేయగలదో తెలియని రాష్ట్రం కాదిది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టి, 1992లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం పెరిగి పెరిగి 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. అక్కడ అక్షరం సంతకం దగ్గర ఆగలేదు.

ఇక కంచిలి. ఎనిమిదితో బడి మానేసి వెల్డింగ్ పనిలోకి పోయిన ఒక కుర్రాణ్ణి కలిశాం. ఉద్దానం కుర్రాళ్ళు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కి పోవటం కొత్తేం కాదు. పది పాసవ్వని వాడి పాస్‌పోర్ట్ ఇ.సి.ఆర్. అవుతుంది. అంటే గల్ఫ్‌కి పనికి పోవాలంటే ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవాలి. ఏజెంటు బేరం మొదలయ్యేది అక్కడే. పని చేతిలో ఉంది, పది చేతిలో లేదు. ఓపెన్ స్కూల్ గురించి అతనికి ఎవరూ చెప్పలేదు. 1991 నుంచీ ఉన్నదే. బడి మానేసినవాళ్ళు అందులో పది రాయొచ్చు, సబ్జెక్టులన్నీ ఒకేసారి గట్టెక్కనక్కర్లేదు.

ఉర్దూ మీడియం కూడా ఉంది బేటా అన్నాం, మా అలవాటు కొద్దీ. అతను నవ్వాడు. "ఇంట్లో మాటాడతాం గానీ నాకు ఉర్దూ సదవడం రాదు భాయ్. తెలుగే ఎట్టండి. కాకపోతే ఆ పుస్తకంలోది తెలుగేనా?"

ఈ ఒక్క మాట మమ్మల్ని రెండు వైపులా కొట్టింది. ముస్లిం చదువంటే ఉర్దూ మీడియమని మేమూ ఏళ్ళ తరబడి రాశాం. 1998లో హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు పండగ చేసుకున్నాం. చేసుకోవలసిందే. కర్నూలుకీ కడపకీ కూడా అది కావాలి. కానీ ఉర్దూ లిపి ఎరగని కంచిలి కుర్రాడు ఆ పండగలో లేడు. పోనీ తెలుగు అతన్ని రానిచ్చిందా? ఒరియా పక్కవాటాలో వినిపించే ఊళ్ళో, శ్రీకాకుళం తెలుగు నోటినిండా ఉన్నవాడికి పాఠ్యపుస్తకపు తెలుగు మూడో పరాయి భాష.

విచిత్రమేమంటే దీనికి జవాబు ఇచ్చినవాడు ఈ జిల్లావాడే. పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి. తెలుగువాళ్ళు ఆయన్ని వ్యావహారిక భాషకి దండలేసి వదిలేశారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష తను నేర్చుకుని, సవరలకు వాళ్ళ మాటల్లోనే వాచకాలు రాసిన పని ఎందరికి గుర్తుంది? చెప్పేవాడు ముందు నేర్చుకునేవాడి దగ్గర నేర్చుకున్నాడు. ఉల్లాస్ వాలంటీరుకి ఆ తీరిక ఎవరిస్తారు, ఏ డబ్బుతో ఇస్తారు?

ఆ కుర్రాడి ఇంట్లో అతని దాదీ ఉంది. చిన్నప్పుడు అరబీ అక్షరాలు నేర్చి ఖురాన్ పారాయణ చేస్తుంది, అర్థం తెలియదు. అర్థం తెలియకుండా చదివితే జనాభా లెక్క అక్షరాస్యత అనదు. సరే, నియమం నియమమే. కానీ అలీఫ్‌కీ బేకీ తేడా ఎరిగిన కళ్ళు అవి, అక్షరం గుర్తుపట్టే శ్రమ అరవయ్యేళ్ళ కిందటే పడిన కళ్ళు. వయోజన తరగతిలో ఆమెకు మొదటిరోజు అడ్డగీతలు, నిలువు గీతలు గీయించారట. నీకేం వచ్చు అని అడగలేదట. ఎలాగో సంతకం వచ్చింది.

"సంతకం నేరిపినారు బాబూ. ఏటి రాసున్న కాయితమో సెప్పినోడు లేడు" అంది.

ఆమె కొడుక్కి, అంటే కుర్రాడి తండ్రికి, కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఇంటింటా రక్తపరీక్షల కాగితాలున్నాయి. క్రియాటినిన్ అనే ముక్క, దాని పక్కన ఒక అంకె, ఒక చుక్క, ఇంకో అంకె. ఉద్దానానికి ఎవరైనా వాచకం రాస్తే మొదటి లెక్కల పాఠం అదే కావాలి. చుక్క తర్వాతి అంకెకి విలువేమిటో ఏ సంతకమూ నేర్పదు.

మేం లేవబోతుంటే దాదీ లోపలికి పోయి ప్లాస్టిక్ సంచీలోంచి రెండు కాగితాలు తెచ్చి మా చేతిలో పెట్టింది. ఒకటి పోయిన నెలది, ఒకటి ఈ నెలది.

"క్యా లిఖ్కే హై బేటా? పోయినసారి కన్నా పెరిగిందేటి?"

పెరిగింది. ఎలా చెప్పాలా అని మేం కాగితం చూస్తూ ఉండిపోయాం. ఆమె మా ముఖం చదువుకుంది.