మహమ్మారి రచనలు: సిరిగేరి నుంచి ఒక పఠనం

2020, 2021 సంవత్సరాలలో కరోనా వ్యాధిని గూర్చి తెలుగులో వెలువడిన కవితలను, కథలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. పత్రికలు ప్రత్యేక పుటలు కేటాయించాయి. సంకలనాలు వచ్చాయి. పోటీలు జరిగాయి. ఇంత రాశిలో మంచి రచనలు లేకపోలేదు. అయితే ఈ వ్యాసంలో మేము మంచి చెడ్డల పట్టిక వేయబోవడం లేదు. ఆ రచనలలో తరచుగా కనిపించే 'మనం' అన్న ఒక్క సర్వనామాన్ని పట్టుకొని కొంత విచారించదలచాము. ఇంట్లో బందీ అయిన మనం, కాలం ఆగిపోయినట్లు తోచిన మనం, కిటికీలోంచి ఖాళీ వీధిని చూసిన మనం. ఈ మనలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న ప్రశ్న సాహిత్య విద్యార్థులు వేసుకోవలసినదే. ఎందుకంటే మహమ్మారి అందరికీ సోకింది గాని, అది మనసుల మీద వేసిన దెబ్బ అందరికీ ఒకటి కాదు.

ఈ ప్రశ్నను హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కాక సిరిగేరి నుంచి అడగడానికి కారణం ఉంది. సిరిగేరి కర్ణాటకలో, బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని ఊరు. 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు చేరాయి. సిరుగుప్ప తాలూకా మైసూరు రాష్ట్రంలోకి పోయింది. తుంగభద్ర కాలువ నీటితో వరి పండే ప్రాంతమిది. ఇక్కడి మనిషి కార్యాలయంలో కన్నడం, ఇంట్లోనో సంతలోనో తెలుగు, ఒక్కొక్కప్పుడు ఒకే వాక్యంలో రెండూ మాట్లాడతాడు. మామూలు రోజుల్లో రాష్ట్రాల సరిహద్దు అతనికి బస్సు కిటికీలోంచి కనిపించే ఒక పలక మాత్రమే. 2020 మార్చి 25న దేశమంతా మూతపడిన తరువాత అదే సరిహద్దు తనిఖీ కేంద్రమైంది. అటు పెళ్ళి చేసుకొని పోయిన కూతురు, ఇటు మిగిలిన తల్లి అన్న వియోగం ఆంధ్ర, తెలంగాణల నడిబొడ్డున రాసిన కవికి తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. రాష్ట్రం వెలుపల తెలుగు చదువుకొంటున్న మీకు మాత్రం అది చెప్పకనే తెలుస్తుంది.

తెలుగు సాహిత్యంలో 'మనసు' అన్నది ఎవరి సొత్తుగా ఎదిగిందో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. మనోవైజ్ఞానిక నవల అనగానే మనం బోధించేవీ చదివేవీ 1940, 50 దశకాల రచనలు: బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', రావిశాస్త్రి 'అల్పజీవి'. దయానిధి డాక్టరు. సీతారామారావు ఆస్తి కరిగించుకొన్న కుటుంబంవాడు. సుబ్బయ్య గుమాస్తా. ముగ్గురూ మగవారు, ముగ్గురూ చదువుకొన్నవారు, ముగ్గురికీ తమ లోపలికి తాము చూచుకొనే వ్యవధి ఉంది. ఆ నవలల గొప్పతనాన్ని మేము తక్కువ చేయడం లేదు. కాని వాటి నుంచి మనకు సంక్రమించిన అలవాటు ఒకటి ఉంది. అంతరంగం అంటే మధ్యతరగతి పురుషుని అంతరంగం. కూలికి ఆకలి ఉంటుంది, కోపం ఉంటుంది, తిరుగుబాటు ఉంటుంది. మానసిక సంక్షోభం మాత్రం ఉండదు. మహమ్మారి వచ్చేసరికి ఈ అలవాటే మళ్ళీ పని చేసింది. ఇంట్లో కూర్చున్నవాడికి ఒంటరితనం, నిర్వేదం, మృత్యుచింతన దక్కాయి. నడిచిపోతున్నవాడికి పగిలిన పాదాలు మాత్రమే దక్కాయి. వలస కూలీల మీద వచ్చిన కవితల్లో పాదాలు లేని కవిత అరుదు. ఆ పాదాల పైన ఒక తల ఉంటుందనీ, దానిలో భయమో, అవమానమో, ఇంటి దగ్గర వదిలిన బిడ్డ గురించిన బెంగో సుళ్ళు తిరుగుతుంటుందనీ కవులు ఎందుకు మరిచారో!

మిరప కోతలనే తీసుకోండి. ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి ఏటా వేల కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. 2020 వసంతంలో వారు అక్కడే చిక్కుబడ్డారు. అదే ఏప్రిల్ నెలలో తెలంగాణ మిరప చేలలో పనికి వచ్చిన పన్నెండేళ్ళ ఆదివాసీ బాలిక ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచిపోతూ, ఇల్లు ఇంకా కొంత దూరముందనగా చనిపోయింది. పరీక్షలో ఆమెకు కరోనా లేదని తేలింది. మహమ్మారి చంపినవారి లెక్కలో ఆమె లేదు. కరోనా రాకుండా కరోనా కాలంలో చనిపోయినవారి కథ ఇంకా సరిగా రాయబడలేదని మా అభిప్రాయం. వైద్య గణాంకాలు కూడా ఈ సంగతినే మరో విధంగా చెబుతున్నాయి. దేశంలో నమోదైన క్షయ రోగుల సంఖ్య 2019లో సుమారు 24 లక్షలు. 2020లో అది సుమారు 18 లక్షలకు పడిపోయింది. రోగం తగ్గి కాదు. రోగి ఆసుపత్రి దాకా రాలేక, వచ్చినా చూసే తీరిక అక్కడ లేక. ఆ తేడాలో ఉన్న ఆరు లక్షల దగ్గు ఏ ఇంటి మూలలో వినిపించిందో కథకుడు వినవలసి ఉండింది.

ఇక మాటల విషయం. మొదటి వారాల్లో 'సామాజిక దూరం' అన్నారు. కన్నడంలోనూ 'సామాజిక అంతర' అనే రాశారు. 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మాటను వదిలి 'భౌతిక దూరం' అనడం మొదలుపెట్టింది. మనుషుల మధ్య సంబంధం తెగకూడదన్నది దాని ఉద్దేశం. మన ఊళ్ళలో ఈ మాటకు మరో బరువు ఉంది. ఊరికీ వాడకూ మధ్య సామాజిక దూరం కరోనా తెచ్చింది కాదు. 'అంటువ్యాధి', 'అంటరానితనం' అన్న రెండు మాటలకూ మూలం 'అంటు' అన్న ఒకే క్రియ. మడినీ మైలనూ శుభ్రతాశాస్త్రంగా పొగిడిన వ్యాసాలు ఆ రోజుల్లో కొన్ని వచ్చాయి. వాటిని వాడ నుంచి చదివినవాడికి ఏమనిపించి ఉంటుందో ఆ రచయితలు ఆలోచించినట్లు లేదు.

మనసు బాధను చెప్పే మాటల్లోనూ ఇదే ఎడం. ప్రకటనలన్నీ 'మానసిక ఒత్తిడి', 'కుంగుబాటు', 'ఆందోళన' అని రాశాయి. తప్పు మాటలు కావు. కాని రాయలసీమ సరిహద్దు ఊళ్ళలో పెద్దవాళ్ళు ఒత్తిడి అనరు. 'మనేద' అంటారు, దిగులు, బెంగ, గుబులు, జడుపు అంటారు. ఇవి పర్యాయపదాలు కావు. బెంగ దూరమైనవారి కోసం. జడుపు ఒక్కసారిగా తగిలేది. మనేద లోపల్లోపల తినేది. చాలామంది ఇవీ చెప్పరు. నిద్ర పట్టదు, గుండె దడ, ఒళ్ళంతా మంటలు అని చెబుతారు. వైద్యుడు ఆ శరీరభాషను మనోభాషగా మార్చుకోవాలి. సాహిత్యం చేయవలసిన పనీ అదే.

ఈ సందర్భంలో బళ్ళారికి ఒక విశిష్టత ఉన్నదని విద్యార్థులకు చెప్పడం మాకు సంతోషం. మానసిక చికిత్స పెద్ద నగరపు ఆసుపత్రి గోడల లోపల మాత్రమే కాక, జిల్లా అంతటా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా అందించవచ్చునా అన్న ప్రయోగం మన దేశంలో ఒక జిల్లా మొత్తానికి జరిగింది ఇక్కడే. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1985 నుంచి బళ్ళారి జిల్లాలో పల్లె వైద్యులకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, మందులు ఊరి దగ్గరకే చేరే ఏర్పాటు చేసింది. 'బళ్ళారి నమూనా' అని పేరు పొందిన ఈ పద్ధతి ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో ప్రారంభమైంది. అంటే మనేద అన్నది పల్లెవాడికీ ఉంటుందని వైద్యశాస్త్రం 1985 నాటికే ఒప్పుకొని, బళ్ళారి పల్లెల దాకా వచ్చింది. మన విమర్శ ఇంకా రాలేదు. 2020లో ఫోనులో సలహా చెప్పే ఏర్పాట్లు జరిగాయి. 2022 అక్టోబరులో 'టెలి మానస్' సేవ అనేక భాషలలో మొదలైంది. మంచి పనులే. అయితే ఇంట్లో ఒకే గది, ఒకే ఫోను, ఆ ఫోను మగవాడి జేబులో ఉన్నప్పుడు ఆడమనిషి తన గుబులు ఎవరికి, ఎక్కడ నిలబడి చెప్పుకొంటుంది? స్త్రీల మీద మహమ్మారి ప్రభావాన్ని రాసినవారు వంటపని పెరగడం దాకా వచ్చి ఆగారు.

ఆశా కార్యకర్తల సంగతి మరీ విచిత్రం. ఇంటింటికీ తిరిగి జ్వరమున్నదా అని అడిగింది వారు. జ్వరం తెచ్చేది కూడా వీరేనేమోనని కొందరు తలుపులు వేసింది వారి ముఖాన. కవులు వారిని దేవతలన్నారు. 2020 జులైలో కర్ణాటకలో వేలాది ఆశా కార్యకర్తలు నెలకు 12,000 రూపాయల గౌరవవేతనం కోరుతూ పని మాని నిలబడ్డారు. దేవతలకు జీతం అడగవలసిన పని ఉండదు కనుక కాబోలు, ఆ సమ్మె మా దృష్టికి వచ్చిన కవితల్లో లేదు.

అన్నిటికంటె ఎక్కువగా ఆలోచించవలసినది మృతుల విషయం. 2020 జూన్ చివరిలో బళ్ళారిలో కరోనాతో చనిపోయినవారి దేహాలను, నల్ల సంచులలో చుట్టినవాటిని, రక్షణ దుస్తులు ధరించిన సిబ్బంది ఈడ్చి ఒకే గుంటలో పడవేస్తున్న దృశ్యాలు దేశమంతా చూసింది. ఎనిమిది దేహాలు. జిల్లా యంత్రాంగం క్షమాపణ చెప్పి, ఆ బృందాన్ని తొలగించింది. ఇక్కడ ఒక్క వివరం గమనించాలి. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సంచి ముఖభాగం తెరిచి బంధువులకు చివరిసారి చూపవచ్చు, దేహాన్ని తాకనక్కరలేని మతకర్మలు చేయవచ్చు, చితాభస్మం తీసుకొనవచ్చు. కౌగిలించుకోవడం, స్నానం చేయించడం మాత్రమే కూడదు. అంటే తెలుగువారు 'చివరిచూపు' అనే దానికి నిబంధనలో చోటు ఉంది. అనేకచోట్ల దానిని మింగినది భయం. చివరిచూపు లేని చావు ఇంట్లోవాళ్ళకు చావుగా రూఢి కాదు. పదకొండో రోజు, పెద్దకర్మ, బంధువులు కూడి భోజనం చేయడం, ఇవన్నీ దుఃఖానికి కట్టిన గట్లు. గట్లు తెగిన నీరు ఎటు పోతుందో చెప్పగలిగిన కథ మనకు కావాలి.

ఈ చోట కన్నడ సాహిత్యం వైపు చూడక తప్పదు. యు. ఆర్. అనంతమూర్తి 'సంస్కార' నవల 1965లో వచ్చింది. అగ్రహారంలో నారణప్ప ప్లేగుతో చనిపోతాడు. ఆచారభ్రష్టుడైన అతనికి దహనం ఎవరు చేయాలన్న చర్చలో శవం కుళ్ళిపోతుంటుంది. మామూలుగా ఈ నవలను ప్రాణేశాచార్యుని ఆత్మసంఘర్షణగా చదువుతాము. సిరిగేరి నుంచి చదివితే అంచున మరొకటి కనబడుతుంది. అగ్రహారం శాస్త్రచర్చలో ఉండగానే అవతల గుడిసెల్లో బెళ్ళి తల్లిదండ్రులు జ్వరంతో చనిపోతారు. గుడిసెతో సహా వారిని కాల్చివేస్తారు. వారికి సంస్కారం ఎవరు చేయాలని ఎవరూ తర్కించరు. రచయిత ఆ మంటను కావాలనే అంచున ఉంచాడని మా నమ్మకం. అగ్రహారపు కళ్ళకు అది అంతే కనబడుతుంది గనుక. కామూ 'ప్లేగు' నవల (1947) మీద వచ్చిన ప్రసిద్ధమైన అభ్యంతరం కూడా ఇటువంటిదే. కథ జరిగిన ఒరాన్ నగరం అల్జీరియాలోనిదే అయినా అరబ్బులు అందులో కనబడరు. అంచున చూపడం వేరు, అసలు చూపకపోవడం వేరు. మన కరోనా కథలను ఈ కొలతతో చదవాలి. ఆ గుంట దగ్గర దేహాలను ఈడ్చినవారి మాట కూడా అంతే. వారిని రాక్షసులన్న రచన చాలా సులభం. ఊపిరాడని ఆ దుస్తుల్లో, తమకూ సోకుతుందన్న భయంతో పని చేసినవారికి రాత్రి ఏ కలలు వచ్చాయన్నది కష్టమైన రచన. వారు చేసిన తప్పును దాచకుండానే అది రాయవచ్చు.

పూర్వం ఊరికి ఇటువంటి భయాన్ని పంచుకొనే పద్ధతులు ఉండేవి. 'మహమ్మారి' అన్న మాటలోనే మారి ఉంది. కన్నడంలోనూ 'మహామారి' అనే అంటారు. మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవారు. కలరాకు మారెమ్మకు జాతర చేసేవారు. వాటితో రోగం తగ్గదని వేరే చెప్పనక్కరలేదు. పైగా గుంపు చేరడం వల్ల రోగం పెరిగేది కూడా. కాని భయం ఒక్కరిది కాకుండా ఊరిది అయ్యేది. 2020లో మన పల్లెలు పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డం వేసుకొన్నాయి. పొలిమేర కట్టడం అనే పాత ఆచారం మిగిలింది, కలిసి ఏడ్చే ఆచారం పోయింది. పైన 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉండనే ఉంది. ప్లేగు రోజుల్లో తెల్లదొరలు చేసిన ఆ చట్టమే 2020లోనూ పని చేసింది. 1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. 1921 జనగణనలో దేశ జనాభా అంతకు ముందు పదేళ్ళకన్న తగ్గింది. అంతటి విలయానికి మన నవలల్లో దొరికే జాడ బహుస్వల్పం. కరోనా కథా అటువంటి మౌనంలోకి పోదన్న భరోసా కవితల సంఖ్యను బట్టి రాదు.

బళ్ళారి ప్రాంతంలో ఈ జ్ఞాపకాన్ని మోయగలిగినవారు బుడగ జంగాలు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడుతూ బుర్రకథలు పాడే సంచార కుటుంబాలు వారివి. 2014లో మరణించిన దరోజి ఈరమ్మ ఆ కుటుంబాల్లోనే పుట్టి, చదువు లేకుండానే వేల పుటల కావ్యాలు నోటికి పాడారు. 2020లో జానపద కళాకారుల చేత చేతులు కడుక్కోండి, ముసుగు వేసుకోండి అని పాటలు పాడించారు. తిరగడమే బ్రతుకైనవారిని తిరగవద్దన్నప్పుడు వారు తమ కోసం ఏం పాడుకొన్నారన్నది మాకు ఆ పాటలకంటె ముఖ్యం. సెలవులకు సండూరు, సిరుగుప్ప వైపు పోయే విద్యార్థులు తంబుర గోడకు వేలాడిన ఆ నెలల గురించి వారిని తెలుగులోనే అడిగి, వారు వాడిన మాటలను దిద్దకుండా రాసుకొని రావాలని కోరుతున్నాము.