అడిగే విద్య: నియెటో, ఫ్రేటీస్

2014 ఆగస్టులో ఏ ఫోను తెరిచినా ఒకటే దృశ్యం. నెత్తిన ఐసునీళ్ళ బకెట్ కుమ్మరించుకోవడం, ముగ్గురి పేర్లు చెప్పి ‘ఇక మీ వంతు’ అనడం, ఇరవై నాలుగు గంటల గడువు పెట్టడం. మన సినిమావాళ్ళూ పోసుకున్నారు, కాలేజీ కుర్రాళ్ళూ పోసుకున్నారు. దాని వెనక ఎ.ఎల్.ఎస్. అనే జబ్బుందని, ఆ జబ్బు పడ్డ పీట్ ఫ్రేటీస్ అనే బోస్టన్ బేస్‌బాల్ ఆటగాడున్నాడని ఆ సందడిలో చాలామంది పట్టించుకోలేదు. అదే జబ్బు కోసం అతనికన్నా దాదాపు తొమ్మిదేళ్ళ ముందే జోలె పట్టిన ఆగీ నియెటో సంగతి మన దగ్గర విన్నవాళ్ళు ఇంకా తక్కువ. జిమ్ములో లైఫ్ ఫిట్‌నెస్ అని రాసున్న ట్రెడ్‌మిల్ ఎక్కినవాళ్ళు మాత్రం ఆయన పెంచిన కంపెనీ సరుకు వాడినట్టే.

ఎ.ఎల్.ఎస్.లో కండరాలను ఆడించే నాడీకణాలు క్రమంగా చచ్చిపోతాయి. చేయి, కాలు, మాట, మింగడం, చివరికి ఊపిరి. సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ళ ఆయుష్షు. స్టీఫెన్ హాకింగ్‌లా దశాబ్దాలు బతికినవాళ్ళు అరుదు. నియెటోకు 2005లో, 47వ ఏట, ఈ జబ్బని చెప్పారు. కండలు పెంచే వ్యాపారం చేసినవాడికి కండలు కరిగే జబ్బు రావడం ఎంత విచిత్రమో అని రాయని పత్రిక ఉండదు. నాకు ఆ విచిత్రంలో పెద్ద విశేషం కనబడదు. ఆయన పాత అమ్మకపు విద్యలో కనబడుతుంది.

1970ల చివర్లో ఆయన, భాగస్వామి రే విల్సన్‌తో కలిసి, లైఫ్‌సైకిల్ అనే కంప్యూటర్ అమర్చిన వ్యాయామ సైకిల్‌ను అమ్మే హక్కులు కొన్నాడు. మోటర్‌హోమ్‌లో వేసుకుని క్లబ్బు క్లబ్బుకూ తిరిగితే కొన్నవాళ్ళు పెద్దగా లేరు. అప్పుడు పేరున్న క్లబ్బుల యజమానులకు 50 సైకిళ్ళు ఉత్తినే పంపేశాడు. ఊరికే ఇచ్చినవాడిని వట్టి చేతులతో పంపడం ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? పైగా సభ్యులు ఆ సైకిల్ కోసం వరస కట్టారు. ఆర్డర్లు వచ్చాయి. అలా పెరిగిన లైఫ్ ఫిట్‌నెస్‌ను 1997లో బ్రన్స్‌విక్ కంపెనీ 31 కోట్ల డాలర్లకు కొన్నది.

ఫ్రేటీస్‌కు 2012లో, 27వ ఏట, ఈ జబ్బు బయటపడింది. అతనికి కంపెనీలూ లేవు, బాకీపడ్డ యజమానులూ లేరు. ఉన్నవాళ్ళల్లా కాలేజీ జట్టు మిత్రులు, ఊరివాళ్ళు. బకెట్ ఆట అతను కనిపెట్టింది కాదు. న్యూయార్క్ వైపు పాట్ క్విన్ అనే మరో రోగి చుట్టూ అప్పటికే తిరుగుతోంది. ఇద్దరూ దాన్ని అందుకుని ఊరు దాటించారు. అయితే పేరు పెట్టి పిలిచి నలుగురిలో అడగడం ఇక్కడ ఉంది. పెళ్ళిలో చదివింపులు మైకులో చదువుతుంటే మన చేయి జేబులోకి ఎలా వెళుతుందో, బకెట్ ముందూ అలాగే వెళ్ళింది. నియెటో ఉచిత సైకిల్, ఫ్రేటీస్ ముగ్గురి పేర్లు - రెండింటి పెట్టుబడీ ఎదుటివాడి మొహమాటమే.

తేడా ఆ మొహమాటం ఎంతకాలం నిలుస్తుందన్న దగ్గర వస్తుంది. నియెటో దంపతులు కండర క్షీణత సంఘంతో కలిసి ఆగీస్ క్వెస్ట్ పెట్టారు. ఏటా ఫిట్‌నెస్ క్లబ్బుల వ్యాపార మహాసభలో ఒక సాయంత్రం విందు. పోటీ కంపెనీలవాళ్ళు కూడా ఒకే బల్ల దగ్గర కూర్చుని రాసిచ్చారు. నిరుటి పేర్లే, మళ్ళీ. 2023 ఫిబ్రవరిలో, 65వ ఏట ఆయన పోయేనాటికి పది కోట్ల డాలర్లు దాటింది. బకెట్ అయితే ఒక్క అమెరికా ఎ.ఎల్.ఎస్. సంఘానికే సుమారు ఎనిమిది వారాల్లో 11.5 కోట్ల డాలర్లు తెచ్చింది. మరుసటేడు మళ్ళీ పోసుకుందామంటే అందులో వీసమెత్తు కూడా రాలేదు. జనం అప్పటికే తడిశారు.

అందుకని బకెట్‌ను గాలివాటం అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. 2016లో ఎన్.ఇ.కె.1 జన్యువుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన పరిశోధనకు ఆ డబ్బే తోడ్పడింది. అలాగే నియెటోది ధనికుల విందు అని ముక్కు విరిచేవాళ్ళు ఆయన్ని చూపిన ‘ఆగీ’ అనే డాక్యుమెంటరీ చూడాలి. మాట పోయింది, చేతులు పోయాయి. కాలివేళ్ళతో కంప్యూటర్‌పై అక్షరం అక్షరం ఏరుకుంటే యంత్రం పలుకుతుంది. ఆ పద్ధతిలోనే ఆయన ఉత్తరాలు నడిపాడు, ఒక ప్రయోగశాల పాలకమండలికి అధ్యక్షత వహించాడు. ఫ్రేటీస్ మొదటి వీడియో కూడా అంతే నిబ్బరం. అందులో నీళ్ళే లేవు. ‘ఐస్ ఐస్ బేబీ’ పాటకు కుర్చీలో కూర్చుని తల ఊపుతాడు, అంతే. ఆ జబ్బుకు చన్నీళ్ళు పడవన్నాడు. తర్వాత రెండు వారాలకు బేస్‌బాల్ మైదానంలో మనసు మార్చుకుని పోయించుకున్నాడు, అది వేరే కథ.

బకెట్ మన దాకా వచ్చేసరికి హైదరాబాద్‌లో ఒక పాత్రికేయురాలు నీళ్ళు తీసి బియ్యం పోసింది. ఆకలిగొన్న మనిషికి బకెట్ బియ్యమిచ్చి ఫొటో పెట్టమంది. ప్రపంచమంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. కాని అక్కడ జబ్బు జారిపోయింది. అన్నదానానికి, ఆసుపత్రి గదికి, మంచానికి ఇచ్చే చేయి మనది. ఫలానా అని ఫలితం చూపలేని పరిశోధనకు ఇవ్వమంటే వెనకాడతాం. నియెటో, ఫ్రేటీస్ ఇద్దరూ అడిగింది సరిగ్గా ఆ చూపలేనిదానికే.

ఆ డబ్బు దారి చూడండి. బకెట్ సొమ్ములో సుమారు 22 లక్షల డాలర్లు రెలివ్రియో అనే మందు పరీక్షకు వెళ్ళాయి. 2022లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. 2024 మార్చిలో పెద్ద పరీక్షలో మందు పనిచేయలేదని తేలింది. ఏప్రిల్‌లో కంపెనీ, ముందే ఇచ్చిన మాట ప్రకారం, దుకాణాల నుంచి వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఇటు నియెటో అధ్యక్షత వహించిన ప్రయోగశాలలో పుట్టిన టెగోప్రుబార్ట్ అనే యాంటీబాడీ ఎ.ఎల్.ఎస్. రోగుల మీద తొలి పరీక్షలు దాటింది, కాని దాన్ని తయారుచేసే కంపెనీ కిడ్నీ మార్పిడి వైపు మళ్ళింది. అదే 2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఒక రోగికి జన్యువులు మార్చిన పంది కిడ్నీ అమర్చినప్పుడు, దాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చిన మందుల్లో ఇదొకటి. ఎ.ఎల్.ఎస్. వచ్చిన ఎక్కువమందికి మాత్రం వైద్యులు ఇప్పటికీ ముందుగా రాసిచ్చేది 1995లో వచ్చిన రిలుజోల్‌నే.