చంద్రగిరి గుఱ్ఱపుసాల

తిరుపతికి పడమట ఏడెనిమిది మైళ్ల దూరముననున్న చంద్రగిరి దుర్గమును దర్శింపబోవువారు రాజమహలు శిఖరములను జూచి విస్మితులై మరలుదురే గాని, దాని చేరువనే వినయముగా నిలిచియున్న రాణీమహలు క్రింది అంతస్తును నిదానించి చూచువారు అరుదు. పేరు రాణిదైనను, ఆ క్రింది భాగము గుఱ్ఱపుసాలయై యుండునని పురాతత్త్వజ్ఞుల ఊహ.

హంపీలో పదునొకండు గుమ్మటముల గజశాలను నిలిపిన విజయనగర శిల్పసంప్రదాయమే ఇచటను కానవచ్చును. అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలపై వచ్చిన అశ్వములు ఆ రాజ్యమునకు ప్రాణతుల్యములు. వానికి వలసినవి నీడయు, గాలియు, చల్లదనమును. మందమైన గోడ రాయలసీమ యెండను లోనికి రానీయదు. ఎత్తైన కమాను గాలిని ఆపదు. కమానులోని ప్రతి ఖండమును తన పొరుగుదానిపై ఒరగి, పైబడిన భారమును ఇరుప్రక్కలకు పంచి, గోడల మీదుగా నేలకు దింపును.

ఈ పొందికకు జీవము గానుగసున్నము. బట్టీలో కాల్చి, నీట విఱిచి, ఇసుకతో గలిపి, ఎద్దులు త్రిప్పు రాతిచక్రము క్రింద వెన్నవలె నూరిన ఆ సున్నము, గాలి తగిలినకొలది ఏటికేడు శిలాసదృశమగును. తొందర యెఱుగని చేతులే దానిని సిద్ధము చేయగలవు.

రాజుల పేరులు శాసనములకెక్కినవి. తాపీ పట్టిన వారి పేరులు ఎక్కలేదు. అయినను ఆ కమానుల నీడలో నిలిచినప్పుడు, నా నమస్కారము మొదట ఆ అజ్ఞాత హస్తములకే.