చేప బొమ్మ కింద ఝషం

2020లో బడులు మూతపడ్డప్పుడు మా అక్క కూతురికి ఆరేళ్ళు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ, దానికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అక్కకీ బావకీ పొద్దున్నుంచీ ల్యాప్‌టాప్ మీటింగులే. కథలూ గిథలూ చదివేదాన్ని కదా అని చదువు చెప్పే పని నా నెత్తిన పడింది. ఎక్కడో మూలన ఉన్న అక్షరమాల చార్టు తీసి గోడకి అంటించి మొదలుపెట్టాను.

'అ' అమ్మ, 'ఆ' ఆవు దాకా బానే నడిచింది. 'ఋ' దగ్గర "గడ్డం తాత" అంది. కాదమ్మా, ఋషి అన్నాను. 'ఖ' దగ్గర కత్తి అంది. ఖడ్గం అన్నాను. 'ఘ' దగ్గర దానిది కుండ, నాది ఘటం. 'ఝ' కింద చేప బొమ్మ ఉంది. ఈసారి గబుక్కున చెప్పకుండా నా మొహంలోకి చూసింది. "పిన్నీ, ఇది చేప కాదు కదా?"

ఝషం అంటే చేపే. కానీ చేపని చేప అనడానికి పిల్ల జంకేలా చేయడానికి నాకు మూడు రోజులు పట్టిందంతే.

ఆ రాత్రి చార్టుని ఒక పుస్తకాన్ని చదివినట్టు చదివాను. వేసినవాళ్ళ ఇబ్బంది అర్థం కాకపోలేదు. ఒత్తక్షరాలు మనకి ఎక్కువగా సంస్కృతం మాటల్లోనే కనపడతాయి. 'ఝ'తో మొదలై బొమ్మగా గీయగలిగే మాట వంటింట్లో దొరకదు. అలాంటప్పుడు 'ఝ'ని మూడేళ్ళ తర్వాత నేర్పినా కొంపలేం మునగవు. కానీ అక్షరమాల వరస తప్పకూడదు, ప్రతి గడిలో ఒక బొమ్మ ఉండాలి. ఆ పట్టుదల కోసం పిల్లకి వచ్చిన మాటని తప్పుగా లెక్కేశారు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం అంత గొడవ పడ్డాడు, సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేశాడు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు పేరున భాషా దినోత్సవం చేసుకుంటాం. పాఠాల్లోకి వాడుక భాష వచ్చింది గానీ, గోడ మీది చార్టుని ఎవరూ ముట్టుకోలేదు.

చదువు సరదాగా ఉండాలని మనందరికీ తెలుసు, సలహాలకీ కొదవ లేదు. ఇసకలో రాయించండి, పిండితో అక్షరాలు చేయించండి, చీటీలు దాచి వెతికించండి. అన్నీ చేశాను. (ఇసకలో దిద్దించడం మన వీధిబడి పద్ధతే, కొత్త పేరు పెట్టుకుని తిరిగొచ్చింది.) చపాతీ పిండితో చేసినా 'ఝ' ఝషమే. పిల్ల పిండితో ఆడుకుంది, అక్షరాన్ని వదిలేసింది.

అప్పుడే గిజుభాయి బధేకా 'పగటికల' మళ్ళీ తీశాను. గిజుభాయి (1885-1939) గుజరాత్‌వాడు, వకీలు పని మానేసి భావ్‌నగర్‌లో 1920లో బాలమందిర్ మొదలుపెట్టాడు. పిల్లలతో ఆయన తీరు చూసి 'మీసాల అమ్మ' అనేవాళ్ళట. 1930ల మొదట్లో వచ్చిన ఈ పుస్తకంలో ఒకాయన విద్యాధికారిని బతిమాలి నాలుగో తరగతిని ఏడాది ప్రయోగానికి తీసుకుంటాడు. మొదటిరోజు అనుకున్న ఆటలన్నీ బెడిసికొట్టి, తరగతి సంతలా తయారవుతుంది. మర్నాడు కథ మొదలుపెడతాడు, అంతే, పిల్లలు కదలరు. తర్వాత పాఠ్యపుస్తకాలు కొనే డబ్బులతో తరగతికి ఒక లైబ్రరీ పెట్టిస్తాడు. నన్ను బాగా కదిలించింది ఆ లైబ్రరీ ఘట్టమే. ఒకే పుస్తకం ముప్పై కాపీలు కొనే బదులు ముప్పై పుస్తకాలు కొనొచ్చు కదా అన్న లెక్కలో ఉన్న తిరుగుబాటు ఈరోజుకీ పాతబడలేదు.

కానీ ఈ పుస్తకాన్ని పూజించేవాళ్ళు ఒక విషయం దాటేస్తారు. ఇందులో కథ చాలాచోట్ల ఎర. కథ కావాలా? అయితే అల్లరి చేయకూడదు. వెనక అధికారి ఉన్నాడు, ఏడాది చివర పరీక్ష ఉంది, కథ ఫలితం చూపించాలి. నేనూ ఆ ఎరనే పట్టుకున్నాను. కథ చెప్తా, కానీ ఈ నాలుగు మాటలు చదివాక. కథ అయ్యాక మూడు ప్రశ్నలు. రెండు వారాలకి పిల్ల కథ అడగడం మానేసింది. నాలుగేళ్ళుగా రోజూ రాత్రి "ఇంకోటి, ఇంకోటి" అని ప్రాణం తీసిన పిల్ల.

గిజుభాయి తరగతిలో ఇలా ఎందుకు కాలేదంటే, అక్కడ తరగతి నిండా పిల్లలున్నారు. ఒకడికి విసుగొస్తే పక్కవాడి నవ్వు ఆదుకుంటుంది. పైగా గంట కొట్టగానే ఇంటికి పోవచ్చు. ఇంట్లోనే బడి పెడితే, బడి అయ్యాక పారిపోవడానికి పిల్లకి ఇల్లుండదు. పిన్నే టీచరైతే, టీచరు మీద పిన్నికి చెప్పుకునే దారి కూడా లేదు. ఇంటి చదువు గురించి ఉత్సాహంగా రాసేవాళ్ళు ఈ మాట ఎందుకు రాయరో నాకర్థం కాదు.

దారి చూపించింది సిల్వియా యాష్టన్-వార్నర్ 'టీచర్' (1963). న్యూజిలాండ్‌లో మావోరీ పసిపిల్లలకి ఈవిడ దిగుమతి వాచకాలు పక్కన పెట్టి, నీకే మాట కావాలి అని ఒక్కొక్కరినీ అడిగేది. ఆ మాట అట్టముక్క మీద రాసి వాళ్ళకే ఇచ్చేసేది. భయానికీ ప్రేమకీ సంబంధించిన మాటలు ఒక్క చూపుకే అంటుకునేవి. మర్నాడు గుర్తుపట్టకపోతే ఆ అట్టని పారేసేది. తప్పు మాటది, పిల్లది కాదు. ఇంత మర్యాద నేను ఇంకే వాచకంలోనూ చూడలేదు.

అడిగాను. "బొద్దింక" అంది మా పిల్ల తడుముకోకుండా. ఒకారం, వత్తు, గుడి, సున్నా అన్నీ ఉన్న మాట. మామూలు వరసలో అయితే ఏడాది చివరికి గానీ రాదు. సాయంత్రానికి చదివేసింది, మర్నాడు వంటింటి గట్టు మీద రాసిపెట్టి వాళ్ళమ్మని భయపెట్టింది కూడా. తర్వాత పెరుగు, దెయ్యం, బావి, తాతయ్య. 'పెద్దమ్మ' అని రాయించుకుంది గానీ మర్నాడు గుర్తుపట్టలేదు, పారేశాం. (మా పెద్దమ్మకి ఈ సంగతి చెప్పలేదు.)

దీంతో అంతా అయిపోలేదు. అట్టముక్కల నుంచి పుస్తకానికి దాటడం కష్టమైంది. ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఊరికే దొరుకుతాయి, ఆ మేలు చిన్నది కాదు. కానీ చాలా కథల్లో వాక్యాలు అనువాదపు వాసనేస్తాయి, మన పిల్లలు అలా మాట్లాడరు. నేను చదువుతూ చదువుతూ వాక్యాలు మార్చేసేదాన్ని. అక్షరాలు వచ్చాక అదే నన్ను పట్టేసుకుంది: "పిన్నీ, ఇక్కడ అలా లేదు."

ఆ నెలలోనే ఒకరోజు దాని గది తలుపు మీద స్కెచ్ పెన్‌తో రాసిన కాగితం కనపడింది. "పినీ రావదు." వత్తులు రెండూ ఎగిరిపోయాయి. లోపలికెళ్ళి దిద్దుదామని తలుపు మీద చెయ్యేసి, మళ్ళీ తీసేశాను.