క్రిస్మస్ దానము: ఇచ్చువారు, పుచ్చుకొనువారు – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

హైదరాబాదు నుండి విజయవాడ వెళ్ళు రహదారిపై ఉన్న హయత్‌నగర్‌కు ఆ పేరు కుతుబ్‌షాహీ రాజవంశమునకు చెందిన హయాత్ బక్షీ బేగం వలన వచ్చినది. అక్కడి పాత మసీదు ఆవరణ చుట్టూ బాటసారుల కొరకు కట్టిన సరాయి గదుల వరుసలు ఉన్నవి. ఈ ప్రాంతములో పరిచర్య చేయుచున్న మాకు ప్రతి డిసెంబరులో లూకా 2:7 చదువునప్పుడు ఆ గదులు గుర్తుకు వచ్చును. సత్రములో చోటు దొరకని ఒక కుటుంబమును గూర్చి మనము ప్రసంగించుచున్నాము. మరి మన పండుగలో బీదవారికి ఏ చోటు ఇచ్చుచున్నాము? క్రిస్మస్ కాలములో క్రైస్తవ కుటుంబములు చేయు దానమును, పరిచర్యను ఈ ప్రశ్న వెలుగులో పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇంటి నుండి వేదిక మీదికి

ఒక తరము క్రితము మన గృహములలో దానము డిసెంబరులో మొదలయ్యేది కాదు. అన్నము వండు ప్రతిసారి ఇల్లాలు కొలిచిన బియ్యములో నుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేసేది. ఆదివారము ఆ బియ్యము గుడికి చేరేది. ఇచ్చువారిలో అధికులు కూలివారే. క్రిస్మస్‌కు అరిసెలు, మురుకులు చేసినప్పుడు ఒక పళ్ళెము పొరుగింటికి వెళ్ళేది. పొరుగువారు ఏ మతస్థులని చూచేవారు కారు. సంక్రాంతికో, రంజానుకో ఆ ఇంటి నుండి మరొక పళ్ళెము మన ఇంటికి వచ్చేది. ఈ ఆచారములలో ఇచ్చువారు ఒక జాతి, పుచ్చుకొనువారు మరొక జాతి కారు.

నేడు మన పట్టణ సంఘములలో డిసెంబరు మొదటి వారము నుండియే సెమీ క్రిస్మస్ కూడికలు మొదలగును. ఇంటింటికి నక్షత్రము, కేకు, కొత్త బట్టలు. క్యారల్స్ బృందము కానుక పెట్టె పట్టుకొని తిరుగును. ఆ పెట్టెలో వేయగల ఇళ్ళకే ఎక్కువగా వెళ్ళును. దానము విషయమునకు వచ్చినచో, కుటుంబము కొంత పైకము సంఘమునకు ఇచ్చి తన పని ముగించును. చీరలు, దుప్పట్లు కొని, వేదిక వేసి, ఫ్లెక్సీ కట్టి, పేర్లు పిలిచి పంచిపెట్టుట సంఘము పని. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత ప్రభుత్వము కూడా పేద క్రైస్తవులకు క్రిస్మస్ బట్టలు పంచుట, విందు చేయుట ఆరంభించినది. ప్రభుత్వము చేయుటలో తప్పు లేదు. అయితే సంఘము చేయునది సరిగ్గా అదే అయినప్పుడు, సంఘము ప్రత్యేకముగా ఏమి ఇచ్చుచున్నదని మనము ప్రశ్నించుకొనవలెను.

మా తప్పిదము

ఇతరులను విమర్శించుటకు ముందు మా తప్పు ఒప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రితము మేము క్రిస్మస్ ఆరాధన ముగియగానే విధవరాండ్రను ఒక్కొక్కరిగా వేదిక మీదికి పిలిచి చీరలు ఇచ్చితిమి. ఇచ్చిన కుటుంబములవారు పక్కన నిలువబడగా ఫొటోలు తీయించితిమి. ఆ మరుసటి ఆదివారము నుండి ఒక వృద్ధురాలు ఆరాధనకు రాలేదు. మేము ఇంటికి వెళ్ళి అడుగగా ఆమె ఇట్లు చెప్పినది: “అయ్యగారూ, ఏడాది పొడుగూత పిడికెడు బియ్యం నేను గూడ తెచ్చిన గదా. గా దినం నన్ను అడుక్కునేదాన్ని జేసిండ్రు.”

ఆమె చీరను కాదనలేదు. తాను కూడా ఇచ్చే మనిషినన్న సంగతిని మేము మరచిపోయితిమని చెప్పినది. ఆ మాటకు మా యొద్ద జవాబు లేకపోయినది.

వాక్య పరిశీలన

పండుగలో బీదలను జ్ఞాపకము చేసికొనుట క్రైస్తవులు కనిపెట్టిన సంగతి కాదు. నెహెమ్యా 8:10-12లో ఏమియు సిద్ధము చేసికొనలేని వారికి భాగములు పంపబడినవి. ద్వితీయోపదేశకాండము 16:11-14 ఇంకను ముందుకు పోవును. అక్కడ కుమారుడు, కుమార్తె, దాసదాసీలు, లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివారు, విధవరాలు అందరూ ఒకే పండుగలో కలిసి సంతోషించవలసినవారు. కుటుంబము ఒక పట్టీగా, బీదలు మరొక పట్టీగా అక్కడ లేరు.

లూకా 14:12-14లో ప్రభువు బీదలకు సంచి పంపుమని కాక, వారిని విందుకు పిలువుమని బోధించెను. 1 కొరింథీయులకు 11:20-22లో పౌలు మరింత కఠినముగా మాట్లాడుచున్నాడు. ఆ సంఘములో ఆహారమునకు కొదువ లేదు. లేనివారు సిగ్గుపడునట్లు చేయుటయే అక్కడి నేరము. అది ప్రభువు బల్లకే అవమానమని అపొస్తలుడు ఎంచెను. మన వేదికలకు ఈ వాక్యభాగము సూటిగా తగులుచున్నది.

మరొక సంగతి గమనింపదగినది. లూకా 2:24లో మరియ, యోసేపులు అర్పించినది పక్షుల జత. లేవీయకాండము 12:8 ప్రకారము అది గొఱ్ఱెపిల్లను తేలేని వారి అర్పణ. క్రిస్మస్ కుటుంబము బీద కుటుంబము, అయినను అర్పణ ఇచ్చిన కుటుంబము. బీదవానికి ఇచ్చు భాగ్యమును తీసివేయు దానము బేత్లెహేమును అర్థము చేసికొనలేదు.

మన సంఘ చరిత్ర

1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని ప్రజలకు పని కల్పించెను. కూడు కొరకు మతము మారుదురన్న భయముతో కరువు సహాయము జరుగుచుండగా బాప్తిస్మములు ఆపివేసెను. తరువాత 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పుచ్చుకొనువాని మనస్సాక్షిని దానముతో కొనకూడదన్న జాగ్రత్త ఇక్కడ కనబడుచున్నది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయమును గూర్చియు, కరువు దినములలో ఆ కట్టడపు పని అనేకులకు అన్నము పెట్టెనని అక్కడి సంఘములు నేటికీ చెప్పుకొనును.

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్య క్రైస్తవ దానమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. ఆయన అధ్యక్షతలోని సంఘములలో అధికులు భూమి లేని మాల, మాదిగ కుటుంబములవారు. మీరు బీదలు గనుక ఇవ్వనక్కరలేదని ఆయన వారికి చెప్పలేదు. ఇచ్చుట శిష్యత్వములో భాగమని నేర్పెను. దీనిని సంఘ నిర్వహణకు పైకము సమకూర్చు ఉపాయముగా మాత్రమే చదువుట పొరపాటు. ఊరిలో ఎప్పుడును చేయి చాచవలసిన వానిగా ఎంచబడిన మనిషిని దాతగా నిలువబెట్టిన బోధ అది.

ఒక అభ్యంతరము

బహిరంగముగా ఇచ్చుట వలన ఇతరులు ప్రేరేపింపబడుదురు, లెక్క కూడా స్పష్టముగా ఉండునని కొందరు అందురు. ఈ మాటలో కొంత నిజమున్నది. 2 కొరింథీయులకు 8:20-21లో పౌలు కూడా చందా విషయములో నింద రాకుండునట్లు జాగ్రత్తపడెను. కాని అక్కడ బహిరంగమైనది పైకము యొక్క లెక్క, పుచ్చుకొనువారి ముఖములు కావు. ఎంత వచ్చినది, ఎంత ఖర్చయినదన్నది సంఘము ఎదుట చదువుదము. ఎవరికి ఇచ్చితిమన్నది చదువనక్కరలేదు.

ముగింపు

కాబట్టి కుటుంబములు ఈ పరిచర్యను సంఘ వేదిక నుండి తిరిగి తమ ఇంటికి తెచ్చుకొనవలెనని మా మనవి. పిడికెడు బియ్యపు కుండ మరల వంటింటిలోనికి రావలెను. పిల్లలు దానిని ప్రతిదినము చూడవలెను. క్రిస్మస్ దినమున ఒక కుటుంబము మరొక కుటుంబమును భోజనమునకు పిలిచి, వారితో కూర్చుండి తినవలెను. డిసెంబరు నాటికి ఒడిశా నుండి వలస వచ్చిన కుటుంబములు రంగారెడ్డి జిల్లా ఇటుక బట్టీలలో పనిచేయుచుండును. వారిని పిలుచుటకు ఎక్కువ దూరము పోనక్కరలేదు. ఆ వంట భారమంతయు స్త్రీల మీద వేసి పురుషులు ప్రార్థన మాత్రమే చేయుట కూడా మానవలెను. అతిథి తెచ్చినది ఎంత చిన్నదైనను సంతోషముతో పుచ్చుకొనుట నేర్చుకొనవలెను.

మా సంఘములో ఆ తరువాత వేదిక మీద చీరలు పంచుట మానివేసితిమి. ఆ వృద్ధురాలు కొన్ని వారములకు తిరిగి వచ్చినది. ఆ దినమున ఆమె తెచ్చిన బియ్యపు మూటను మేము రెండు చేతులతో అందుకొంటిమి.