ద్వీపాల పచ్చిక, మెసయీద్ ఇసుక: నేల కర్బనపు కొలమానంపై ఒక విమర్శ

పశువులు మేసే నేలలో సేంద్రియ కర్బనం ఎంత ఉంటే ఆ నేల ఆరోగ్యంగా ఉన్నట్టు? ఈ ప్రశ్నకు సాధారణంగా ఒక శాతం జవాబుగా వస్తుంది. ఐర్లండ్, న్యూజీలాండ్ వంటి ద్వీపదేశాల పచ్చికబయళ్ళలో పైమట్టి కర్బనం నాలుగైదు శాతం ఉండటం వింత కాదు. భారతదేశపు భూసార పరీక్షల వర్గీకరణలో 0.5 శాతానికి లోపుంటే తక్కువ, 0.75 శాతం దాటితే ఎక్కువ. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులతో ఈ అంకె రైతుల ఇళ్ళకు కూడా చేరింది. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ ఊళ్ళోని పొలం బాగోగులు చూసుకునేవారు ఈ రెండు ప్రమాణాలను పక్కపక్కన పెట్టుకుంటే, తమ నేల చచ్చిపోయిందనే నిర్ణయానికి రావడం సులభం. ఆ నిర్ణయం తప్పు. అయితే తప్పు చదివినవారిది కాదు, కొలమానానిది.

ఖతార్‌లోని మెసయీద్ ఈ కొలమానానికి గట్టి పరీక్ష. దోహాకు దక్షిణాన ఉన్న ఈ పారిశ్రామిక రేవు చుట్టూ ఇసుకదిబ్బలు, సబ్ఖాలనే ఉప్పు చవుడు నేలలు ఉన్నాయి. దేశంలో ఏడాది వర్షపాతం సగటున 80 మిల్లీమీటర్ల పరిసరాల్లోనే ఉంటుంది. సన్నని ఒండ్రు చేరి పచ్చదనం నిలిచేది ‘రౌదా’లనే పల్లపు ప్రాంతాల్లో మాత్రమే. ఇటువంటి మట్టిని ప్రయోగశాలకు పంపితే ఫలితం రెండు విధాలుగా మోసం చేయగలదు. 1934 నుంచి వాడుకలో ఉన్న వాక్లీ-బ్లాక్ పద్ధతిలో డైక్రోమేట్ సేంద్రియ పదార్థంతో పాటు ఉప్పులోని క్లోరైడును కూడా ఆక్సీకరిస్తుంది. దాన్ని సరిదిద్దకపోతే ఉప్పు కర్బనంగా లెక్కకు ఎక్కుతుంది. మట్టిని కాల్చి కొలిచే పద్ధతిలోనైతే, ముందుగా ఆమ్లంతో సున్నాన్ని తొలగించకపోతే, గవ్వల నుంచీ సున్నపురాతి నుంచీ వచ్చిన కర్బనం సేంద్రియ కర్బనంలో కలిసిపోతుంది. గడ్డిపోచ మొలవని నేల కూడా కాగితం మీద సారవంతంగా కనిపించవచ్చు.

శాతానికి బదులు కర్బనానికీ బంకమట్టికీ మధ్య నిష్పత్తిని చూడాలన్నది ఇటీవలి ప్రతిపాదన. 2023 జూలైలో యూరోపియన్ కమిషన్ ముందుకు తెచ్చిన మృత్తికా చట్టపు ముసాయిదా 1:13 నిష్పత్తిని హద్దుగా తీసుకుంది. ఒకే అంకెతో అన్ని నేలలనూ తూచడం కంటే ఇది మెరుగే. కానీ దీని బలహీనత అంచుల దగ్గర బయటపడుతుంది. రెండు శాతం బంకమట్టి ఉన్న ఇసుకనేలకు 0.16 శాతం కర్బనం ఉంటే చాలు, ఆరోగ్యవంతమైన నేలగా పాసైపోతుంది. మరోవైపు, అగ్నిపర్వత బూడిద నుంచి పుట్టిన ద్వీప నేలల్లో కర్బనాన్ని పట్టి ఉంచేది ప్రధానంగా అల్లోఫేన్ వంటి ఖనిజాలు. అక్కడ బంకమట్టి శాతం కర్బన సామర్థ్యాన్ని సరిగ్గా చెప్పలేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు లోతులో, బరువులో ఉంది. హెక్టారు పచ్చికలో 30 సెంటీమీటర్ల లోతు వరకు, ఘనమీటరుకు ఒక టన్ను సాంద్రతతో, నాలుగు శాతం కర్బనం ఉందనుకుంటే మొత్తం 120 టన్నులు. పశువుల గిట్టల కింద నేల అణిగి సాంద్రత 1.1కి పెరిగితే, అదే శాతానికి, అదే లోతుకు లెక్క 132 టన్నులవుతుంది. నేలలోకి కొత్తగా ఒక్క గ్రాము కర్బనం చేరకుండానే 12 టన్నులు, అంటే 44 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ‘లాభం’ కనిపిస్తుంది. లోతుకు బదులు సమానమైన మట్టి బరువును ప్రాతిపదికగా తీసుకోని కర్బన క్రెడిట్లలో అమ్ముడుపోయేది నేల గట్టిపడటమే కావచ్చు.

పచ్చగా ఉన్నంత మాత్రాన కర్బనం పెరుగుతుందనీ చెప్పలేం. న్యూజీలాండ్‌లో లూయిస్ షిప్పర్ బృందం పాత నమూనాలు తీసిన పచ్చికబయళ్ళనే దశాబ్దాల తర్వాత మళ్ళీ తవ్వి చూసినప్పుడు కొండవాలు నేలల్లో కర్బనం పెరిగింది. అల్లోఫేన్ నేలల్లోనూ, నీరు నిలిచే గ్లే నేలల్లోనూ తగ్గింది. ఐస్‌లాండ్ పాఠం మరింత కఠినమైనది. తొమ్మిదో శతాబ్దంలో మనుషులు స్థిరపడిన తర్వాత చెట్ల నరికివేత, గొర్రెల మేత, గాలి కోత కలిసి విస్తారమైన నేలను తుడిచిపెట్టాయి. నేల పరిరక్షణకు 1907లోనే చట్టం చేయవలసి వచ్చింది. అక్కడ మిగిలిన మట్టిదిబ్బలో కర్బన శాతం ఎక్కువే ఉండవచ్చు. కొట్టుకుపోయిన మట్టి మాత్రం ఆ శాతంలోకి రాదు.

దీనికి విలోమంగా ఉంటాయి గోదావరి లంకలు. 1986 ఆగస్టు, 2022 జూలై నాటి వంటి పెద్ద వరదలు పాత పైమట్టి మీద కొత్త ఒండ్రునూ ఇసుకనూ పరుస్తాయి. మరుసటి ఏడు పైపొరలో శాతం తగ్గితే, అది కర్బనం పోవడం కాక పూడిపోవడం కావచ్చు. అడుగు లోతు తవ్వకుండా లంకలో మేసే పశువుల మీద నేరం మోపడం అన్యాయం.

మేత గురించిన వాదాలన్నిటికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. మందలను గుంపుగా తిప్పి మేపితే ఎడారీకరణ వెనక్కి మళ్ళుతుందని అలన్ సేవరీ 2013లో చేసిన ప్రసంగం ఎందరినో ఆకట్టుకుంది. 2017లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడిన ‘గ్రేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్’ నివేదిక, అనుకూల పరిస్థితుల్లో కూడా నేలలో చేరే కర్బనం ఆ పశువుల ఉద్గారాలను పూర్తిగా తీర్చలేదని తేల్చింది. పైగా నేల కొన్ని దశాబ్దాలలో కొత్త సమతౌల్యానికి చేరి, కర్బనాన్ని అదనంగా తీసుకోవడం ఆపేస్తుంది. పశువుల మీథేన్ ఆగదు.

కాబట్టి నేల ఆరోగ్యానికి ప్రమాణంగా చూపే ఏ అంకెనైనా నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎంత లోతు మట్టి? ఎంత బరువు మట్టి? కర్బనాన్ని పట్టి ఉంచే ఖనిజమేది? పోలిక ఏ నాటి నమూనాతో? పోలిక అదే వానలో, అదే రకపు నేలలో, అదే స్థలపు గతంతో జరగాలి. గోదావరి లంకకు న్యూజీలాండ్ ప్రమాణం కాదు; మెసయీద్ రౌదాకు లంక ప్రమాణం కాదు. పొలం పత్రంలో 0.4 శాతం చూసి దిగులుపడేవారికి ఆ ఒక్క అంకె కంటే, అదే గట్టున అదే లోతులో అయిదేళ్ళ తర్వాత తీసే రెండో నమూనా ఎక్కువ చెబుతుంది.